ఫ్లేవర్ కాఫీ: యాలకుల నుంచి హేజెల్‌నట్ దాకా, రుచి ఎక్కడ చేరుతోంది?

సూపర్ మార్కెట్లో కాఫీ పెట్టే అర ముందు నిలబడితే ఇప్పుడు కాస్త అయోమయంగానే ఉంటుంది. ఒక ప్యాకెట్ మీద ‘హేజెల్‌నట్’ అని ఒక రకం పప్పు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కదాని మీద ‘100 శాతం అరబికా’ అని గింజ రకం రాసి, కింద చిన్నగా ‘చాక్లెట్, నారింజ, బెల్లం’ అంటారు. మూడోదాని మీద ‘కాఫీ 70 శాతం, చికోరీ 30 శాతం’ అని ఉంటుంది. వీటిలో ఫ్లేవర్ కలిపింది ఏదంటే చాలామంది మొదటిదాన్నే చూపిస్తారు. రెండోదానిలో నారింజ తొక్క ఏమైనా వేశారా అని కొందరికి సందేహం. మూడోదాన్ని అసలు ఆ లెక్కలోకే తీసుకోరు. అది మన ఇంటి ఫిల్టర్ కాఫీ కదా!

నిజానికి రెండో ప్యాకెట్లో బయటి నుంచి కలిపిందేమీ లేదు, ఆ చాక్లెట్, నారింజ మాటలు రుచి చూసినవాళ్ల వర్ణన. మొదటి దానిలో, మూడో దానిలో ఉంది.

సంక్షిప్తంగా

కాఫీలో ఇంకో రుచి కలపడం కొత్త ఫ్యాషన్ కాదు, కాఫీ తాగడం మొదలైన ప్రాంతాల్లోనే ఆ అలవాటు ఉంది. గత యాభై ఏళ్లలో మారింది రుచి చేరే చోటు. గిన్నెలో వేసే యాలకుల స్థానంలో గింజకు పట్టించే సువాసన ద్రవం వచ్చింది, ఇప్పుడు తోటలోనే పులియబెట్టే తొట్టిదాకా వెళ్లింది. ధర, ఆరోగ్యం, లేబుల్ మీద రాసే మాటలు, రైతుకు దక్కే పేరు అన్నీ ఆ చోటును బట్టే మారతాయి. కాబట్టి ‘ఇది అసలైన కాఫీయేనా’ అన్న ప్రశ్న కన్నా ‘రుచి ఏ దశలో చేరింది’ అన్న ప్రశ్న ఎక్కువ విషయాలు బయటపెడుతుంది.

మూడు దశలు

బయటి రుచి కాఫీలోకి చేరడానికి మూడు దారులున్నాయి. ఒకటి, కాచేటప్పుడో కప్పులో పోశాకో. యాలకులు, శొంఠి, కెఫేల్లో వాడే సిరప్‌లు ఈ కోవలోకి వస్తాయి. రెండు, వేయించిన తర్వాత గింజకో పొడికో పట్టించడం. హేజెల్‌నట్, ఫ్రెంచ్ వెనిలా, ఐరిష్ క్రీమ్ పేర్లతో అమ్మే ప్యాకెట్లు ఇవి. చికోరీ (ఒక మొక్క వేరు పొడి) మిశ్రమం కూడా ఇక్కడే చేరుతుంది. మూడు, వేయించక ముందే, అంటే పండు నుంచి గింజ తీసి ఆరబెట్టే దశలో.

మొదటి దారి చాలా పాతది. రెండోది పరిశ్రమ వేసిన దారి. మూడోదాని చుట్టూ ఇప్పుడు వాదన నడుస్తోంది.

యాలకులు, వెన్న, మిరియం

కాఫీని పానీయంగా వాడినట్టు గట్టి ఆధారాలు 15వ శతాబ్దపు యెమెన్ సూఫీల దగ్గర దొరుకుతాయి. రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా వాళ్లు దీన్ని తాగేవారు. అదే యెమెన్‌లో గింజ కాకుండా దాని ఎండు పొట్టును అల్లంతో కలిపి కాచే ‘కిష్ర్’ ఇప్పటికీ ఉంది. మొక్క పుట్టిల్లు ఇథియోపియాలో కొన్ని ప్రాంతాల్లో కాఫీలో ఉప్పు వేస్తారు, మసాలా వెన్న కూడా వేస్తారు.

అరబ్ దేశాల ‘గహ్వా’ సంగతి గల్ఫ్‌కు వెళ్లొచ్చిన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గింజను చాలా తక్కువగా వేయిస్తారు, అందుకే రంగు పసుపు పచ్చగా, ఒక్కోసారి టీ కంటే పలచగా కనిపిస్తుంది. వేయింపు తక్కువైతే కాఫీకి మనకు తెలిసిన ఘాటు రాదు. ఆ ఖాళీలో యాలకులు ముందుకొస్తాయి, స్తోమతను బట్టి కుంకుమ పువ్వు, లవంగం తోడవుతాయి. చక్కెర వేయరు, పక్కన ఖర్జూరం పెడతారు. చిన్న పిడి లేని కప్పులో కొద్దిగానే పోస్తారు, చాలు అనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. ఈ మర్యాదనంతా కలిపి సౌదీ అరేబియా, యూఏఈ, ఒమన్, ఖతార్‌ల ఉమ్మడి వారసత్వంగా 2015లో యునెస్కో గుర్తించింది. ఇక్కడ యాలకులు వేయడం కాఫీ బాగోలేక కాదు. ఖరీదైన మసాలా పడటం అతిథికి ఇచ్చే గౌరవానికి గుర్తు.

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో ‘కెఫే తూబా’ ఉంది. గినియా మిరియం అనే ఘాటైన గింజను కాఫీతో కలిపి వేయించి, దంచి కాస్తారు. మురీద్ సూఫీ సంప్రదాయాన్ని స్థాపించిన అమదూ బంబా పేరుతో, ఆయన పవిత్ర నగరం తూబా పేరుతో ఇది ముడిపడింది. ఇవాళ వీధి బండ్ల మీద అమ్మే మామూలు పానీయం. మెక్సికోలో మట్టి కుండలో దాల్చినచెక్క, ముద్ద బెల్లం వేసి కాచేది ‘కెఫే దె ఓయా’.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. కలిపే వస్తువు కంటికి కనిపిస్తుంది, ఎంత వేయాలో కాచే మనిషే నిర్ణయిస్తారు. యాలకుల గహ్వాలో యాలకులు ఉంటాయి. ఈ మాట చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, హేజెల్‌నట్ కాఫీలో సాధారణంగా హేజెల్‌నట్ పప్పు ఉండదు.

కొరత నేర్పిన రుచులు

ఇంకో పాయ కూడా ఉంది, అది మర్యాద నుంచి కాదు, లేమి నుంచి పుట్టింది. 1806లో నెపోలియన్ బ్రిటన్ సరుకుల మీద దిగ్బంధం ప్రకటించాక యూరప్‌కు కాఫీ రావడం కష్టమైంది. అప్పటికే కొంత వాడుకలో ఉన్న చికోరీ వేరు ఫ్రాన్స్‌లో పొడిలోకి విస్తృతంగా చేరింది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి దిగ్బంధంలో న్యూ ఆర్లియన్స్‌లోనూ అదే జరిగింది. దిగ్బంధాలు పోయాయి కానీ నాలుక మాత్రం ఆ రుచిని వదలలేదు.

1946లో హనోయ్‌లో పాల కొరత వస్తే గుయెన్ వాన్ గియాంగ్ అనే హోటల్ ఉద్యోగి గుడ్డు పచ్చసొనను చక్కెరతో గిలకొట్టి కాఫీ మీద వేశాడు. ఎగ్ కాఫీ అలా పుట్టి, ఇప్పుడు ఆ ఊరికి పర్యాటకులను రప్పిస్తోంది. మలేసియా, సింగపూర్‌లలో చక్కెర, మార్జరిన్ వేసి గింజ వేయిస్తారు, స్పెయిన్‌లో చక్కెరతో వేయించే పద్ధతి ఉంది. నాసిరకం గింజ చేదు మీద తీపి నలుపు పొర వేయడం అన్నమాట.

దక్షిణాది చికోరీని ఈ వరుసలోనే చూడాలి. ఈ వేరులో ఇన్యులిన్ అనే పిండి పదార్థం ఎక్కువ. వేయించినప్పుడు అది విడిపోయి చక్కెరగా మారి, మాడి, కారమెల్ లాంటి వాసన, ముదురు రంగు ఇస్తుంది. కాఫీ కన్నా నీటిలో ఎక్కువ కరుగుతుంది కాబట్టి డికాక్షన్ చిక్కగా దిగుతుంది, ఎన్ని పాలు పోసినా రంగు తగ్గదు. కెఫీన్ ఉండదు. ధర కాఫీ కన్నా బాగా తక్కువ. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ బరువులో 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి పాళ్లు ప్యాకెట్ మీద రాయాలి.

ఖర్చు కోసం మొదలైన మిశ్రమం ఇప్పుడు రుచికి కొలమానమైపోయింది. చికోరీ లేని పొడితో ఫిల్టర్ కాఫీ చేసిస్తే ‘నీళ్లలా ఉంది’ అని పెదవి విరిచే ఇళ్లు తెలుగునాట, తమిళనాట కోకొల్లలు. హేజెల్‌నట్ కాఫీని చూసి ‘అది కాఫీ ఏంటి’ అనేవాళ్లు కూడా చాలాసార్లు ఈ ఇళ్లలోనివాళ్లే.

అమెరికాలో ఏం జరిగింది

ఇప్పుడు మనం ఫ్లేవర్ కాఫీ అంటున్న సరుకు రూపు దిద్దుకున్నది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పెద్ద కంపెనీలు డబ్బా కాఫీని చవగ్గా అమ్మడంలో పోటీపడ్డాయి. ధర తగ్గించాలంటే గింజ నాణ్యత తగ్గాలి. అరబికా రకం గింజలో చవకైన రొబస్టా రకం కలిసింది, ఇన్‌స్టంట్ పెరిగింది. 1960ల ఆరంభంలో శిఖరానికి చేరిన తలసరి కాఫీ వాడకం అక్కడి నుంచి దిగుతూ వచ్చింది. కొత్త తరం కూల్‌డ్రింకుల వైపు పోయింది. తీపి, చల్లదనం, ఒకే రుచి అలవాటైన నోటికి పెద్దవాళ్ల చేదు కాఫీ ఎక్కలేదు. దానికి తోడు 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో గడ్డకట్టే మంచు పడి తోటలు మాడిపోయాయి, తర్వాతి రెండేళ్లలో ధరలు మండిపోయాయి.

కాఫీ వ్యాపారం దీనికి రెండు రకాలుగా స్పందించింది. ఒక వర్గం మంచి గింజ, మంచి వేయింపు అంటూ గింజ వేయించే చిన్న రోస్టరీలు పెట్టింది. ఇంకో వర్గం, చేదు నచ్చనివాళ్లకు చేదు తెలియకుండా చేయాలనుకుంది. 1970ల్లో డబ్బాల్లో వచ్చిన తీపి ఇన్‌స్టంట్ మిశ్రమాలు, ఆ దశాబ్దం చివరి నుంచి దుకాణాల్లోకి వచ్చిన ఫ్లేవర్ గింజలు రెండో ఆలోచన ఫలితాలు. మద్యం పేర్లు కూడా అరువు తెచ్చుకున్నారు. 1940ల్లో ఐర్లాండ్‌లోని ఫోయిన్స్ విమానాశ్రయంలో జో షెరిడాన్ అనే వంటవాడు చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం విస్కీ, క్రీమ్ వేసి చేసిన ఐరిష్ కాఫీ 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా కెఫేకు చేరి పేరు తెచ్చుకుంది. తర్వాత వచ్చిన ఐరిష్ క్రీమ్ గింజల్లో విస్కీ లేదు, క్రీమూ లేదు, ఆ వాసన మాత్రమే ఉంది.

సిరప్‌ల కథ కూడా శాన్‌ఫ్రాన్సిస్కోదే. ఇటలీ నుంచి వచ్చిన టోర్రే దంపతులు 1925లో మొదలుపెట్టిన టొరానీ కంపెనీ చాలాకాలం సోడాలో కలిపే సిరప్‌లు అమ్మింది. 1982లో వాటిని పాల కాఫీలో కలిపి ఫ్లేవర్ లాటే చేయడం అక్కడే మొదలైందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. కెఫే యజమానికి ఇందులో పెద్ద సౌలభ్యం ఉంది. పది రకాల గింజలు దాచక్కర్లేదు, ఒకే ఎస్ప్రెస్సో, పది సీసాలు చాలు. మిగిలితే పాడవదు. కప్పుకు అదనంగా వసూలు చేసేదానిలో సిరప్ ఖర్చు చాలా చిన్న వాటా.

2003లో స్టార్‌బక్స్ తెచ్చిన పంప్‌కిన్ స్పైస్ లాటే ఈ లెక్కను ఇంకో మెట్టు ఎక్కించింది. అందులోని ప్రధాన రుచి గుమ్మడికాయది కాదు. అమెరికన్లు శరదృతువులో చేసుకునే గుమ్మడి పై వంటకంలో వేసే దాల్చినచెక్క, జాజికాయ, అల్లం, లవంగాలది. 2015 దాకా అందులో అసలు గుమ్మడే లేదు, విమర్శలొచ్చాక కొంత గుజ్జు చేర్చారు. ఏడాదిలో కొన్ని వారాలే దొరికే పానీయం కావడంతో జనం దానికోసం ఎదురుచూడటం మొదలైంది. వంటింటి మసాలా, పండగ గుర్తు, ‘మళ్లీ దొరకదేమో’ అన్న తొందర, మూడూ ఒకే కప్పులో పడ్డాయి.

గింజకు వాసన పట్టించే తీరు

ఫ్యాక్టరీలో పని ఇలా సాగుతుంది. ముందు గింజను మధ్యస్థంగా వేయిస్తారు. బాగా మాడిస్తే ఆ చేదు, పొగ వాసన కింద ఏ ఫ్లేవరూ నిలవదు, తక్కువ వేయిస్తే పులుపు అడ్డొస్తుంది. గింజ చల్లారాక పెద్ద డ్రమ్ములో వేసి తిప్పుతూ సువాసన ద్రవాన్ని సన్నగా చిమ్ముతారు. వేడి మీద చిమ్మితే సగం ఆవిరైపోతుంది. ద్రవం బరువు సాధారణంగా గింజ బరువులో 2 నుంచి 3 శాతం ఉంటుంది. అందులో అసలు సువాసన పదార్థాలు కొద్దిగానే, మిగతాది వాటిని కరిగించి మోసే ద్రావకం. ఎక్కువగా వాడేది ప్రొపిలీన్ గ్లైకాల్, ఇది ఆహారంలో పరిమితంగా అనుమతి ఉన్న పదార్థం. కాసేపు తిప్పితే గింజ ద్రవాన్ని పీల్చుకుని మెరుస్తుంది. ఇన్‌స్టంట్ పొడి అయితే తడి తగలకూడదు కాబట్టి, తుమ్మజిగురు లాంటి పొరలో బంధించి ఎండబెట్టిన సువాసన పొడిని కలుపుతారు.

సువాసన పదార్థాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది అసలు ఆసక్తికరమైన భాగం. వెనిలా కాయ వాసనకు ముఖ్య కారణమైన వెనిలిన్‌ను 1858లో గోబ్లే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త విడదీశాడు. 1874లో జర్మనీలో టీమాన్, హార్మాన్ దాన్ని దేవదారు జాతి చెట్టు బెరడులో దొరికే పదార్థం నుంచి తయారుచేశారు. మడగాస్కర్‌లో ఒక్కో పువ్వుకు చేత్తో పరాగ సంపర్కం చేసి పండించే కాయ సరఫరా ప్రపంచ గిరాకీకి ఏ మూలకూ చాలదు. అందుకే ఇప్పుడు వెనిలిన్‌లో అత్యధిక భాగం పెట్రోలియం నుంచి వచ్చే గ్వాయకాల్ అనే పదార్థంతో చేస్తారు. ఆ గ్వాయకాల్ వేయించిన కాఫీలో సహజంగానే ఉంటుంది, వెనిలిన్ కూడా కొద్దిగా ఉంటుంది. హేజెల్‌నట్ వాసనకు కీలకమైన అణువు పేరు ఫిల్బర్టోన్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, వేయించిన పప్పుల వాసన ఇచ్చే పైరజీన్‌లతో కలిపితే హేజెల్‌నట్ పప్పు అక్కర్లేకుండానే హేజెల్‌నట్ కాఫీ సిద్ధం. నట్స్ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఈ మాటను నమ్ముకుని ఊరుకోకుండా ప్యాకెట్ మీది అలర్జీ వివరం చూడాల్సిందే.

ఇందులోంచి ఒక చిన్న ఆచరణ సమస్య కూడా వస్తుంది. ఫ్లేవర్ గింజ నూనె గ్రైండర్‌కు అంటుకుని అంత తేలిగ్గా వదలదు. ఒకసారి ఐరిష్ క్రీమ్ ఆడించిన మరలో తర్వాత మామూలు గింజ ఆడిస్తే ఆ వాసన దానికీ పడుతుంది. జాగ్రత్తగా ఉండే దుకాణాలు దీనికోసం వేరే గ్రైండర్ పెట్టుకుంటాయి.

నోటికి ఎందుకు నచ్చుతుంది

వేయించిన కాఫీలో 800కు పైగా ఆవిరయ్యే పదార్థాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిలో పైరజీన్‌లు వేయించిన పల్లీలు, కోకో, బ్రెడ్ పైపెంకులోనూ ఉంటాయి. కారమెల్ వాసన ఇచ్చే ఫ్యూరనియోల్, వెన్న వాసన ఇచ్చే డైఅసిటైల్ కూడా కాఫీలో సహజంగానే ఉన్నాయి. అందుకే హేజెల్‌నట్, చాక్లెట్, కారమెల్, వెనిలా కాఫీతో ఇట్టే కలిసిపోతాయి. కాఫీలో ఎలాగూ ఉన్న ఒక వాసనను అవి కాస్త ఎక్కువ చేస్తాయి, అంతే. మామిడి కాఫీ, జామ కాఫీ ఆ స్థాయిలో ఎందుకు నిలబడలేదో కూడా దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

రెండో కారణం ముక్కుది. మనం రుచి అనుకునేదానిలో ఎక్కువ భాగం మింగేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే వాసన. వెనిలా వాసనను చిన్నప్పటి నుంచి ఐస్‌క్రీమ్, కేక్, బిస్కెట్లతో కలిపి తిన్న మెదడు ఆ వాసన తగలగానే తీపిని ఊహించుకుంటుంది. చక్కెర పెరగకపోయినా పానీయం కాస్త తియ్యగా, చేదు కాస్త తక్కువగా తోస్తుంది. మసాలా గహ్వాతో పెరిగినవాళ్లకు యాలకులు ఇదే పని మరోలా చేస్తాయి. వాసనకు తీపినిచ్చేది అలవాటు.

అయితే ఇది పూర్తిగా ఫలించదు. ఫ్లేవర్ గింజ ప్యాకెట్ విప్పినప్పుడు గుప్పుమన్నంతగా కప్పులో రుచి రాలేదన్న ఫిర్యాదు చాలామందిది. వేడి నీళ్లు పడగానే తేలికైన వాసనలు కొంత గాలిలో కలిసిపోతాయి. ముక్కు చాక్లెట్ అని చెబుతుంది, నాలుకకు తగిలేది మాత్రం చేదు నీళ్లు. పాలు, చక్కెర పోస్తే ఈ తేడా తగ్గుతుంది. పాల కొవ్వు సువాసన పదార్థాలను పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది, పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ చేదునిచ్చే పదార్థాలను కొంత కట్టిపడేస్తుంది. ఫ్లేవర్ కాఫీ దాదాపు ఎప్పుడూ పాల కాఫీగా అమ్ముడుపోవడంలో వింతేమీ లేదు.

ఇంకో కారణం అమ్మేవాళ్లది, అది నిల్వ. వేయించిన గింజ సహజ సువాసన కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. పట్టించిన వాసన అంతకన్నా మొండిది. కాబట్టి పాత గింజ, నాసి గింజ దాని చాటున దాక్కోగలవు. ఫ్లేవర్ కాఫీ అంతా అలాంటిదే అనడం అన్యాయం. కానీ కొనేవాడికి తేడా పట్టుకునే మార్గం తగ్గిపోతుందన్నది నిజం.

తోటలోనే చేరే రుచి

పచ్చి కాఫీ గింజ చుట్టూ ఉన్న తేమను, వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. దీనికి మన పశ్చిమ తీరంలోనే మంచి ఉదాహరణ ఉంది. తెరచాప ఓడల కాలంలో మలబార్ తీరం నుంచి యూరప్‌కు నెలల తరబడి సాగే ప్రయాణంలో గింజ సముద్రపు తేమకు ఉబ్బి, పులుపు పోగొట్టుకుని, రంగు వెలిసేది. ఆవిరి ఓడలు, 1869లో తెరిచిన సూయజ్ కాలువ ప్రయాణాన్ని కుదించేశాయి. గింజ తాజాగా చేరింది, కొనేవాళ్లు మాత్రం పాత రుచే కావాలన్నారు. దాంతో తీరంలోని గోదాముల్లో గింజను పరిచి, నైరుతి గాలికి వారాల తరబడి వదిలేసే పద్ధతి వచ్చింది. అదే మాన్‌సూన్డ్ మలబార్, ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇందులో కలిపింది గాలి, తేమ మాత్రమే.

విస్కీ పీపాల్లో పచ్చి గింజ నిల్వ పెట్టడం దీని తర్వాతి మెట్టు. ఆ పైది, గాలి తగలని తొట్టెల్లో కాఫీ పండును పులియబెట్టడం. 2015లో కాఫీ తయారుచేసే నిపుణులకు పెట్టే ప్రపంచ బరిస్టా పోటీలో సాషా షెస్టిచ్ అనే పోటీదారు ఇలా చేసిన కాఫీతో గెలిచాక ఈ పద్ధతి లాటిన్ అమెరికా తోటల్లో వేగంగా పాకింది. ఇంతవరకు అభ్యంతరం లేదు, ఎందుకంటే పులిసేది కాఫీ పండే. పులిసే తొట్టెలో దాల్చినచెక్క, పండ్ల గుజ్జు వేసినప్పుడు గొడవ మొదలైంది. కప్పులో దాల్చినచెక్క స్పష్టంగా తగులుతుంది, సంచి మీద మాత్రం ‘నోట్స్ (రుచి వర్ణన): దాల్చినచెక్క’ అని ఉంటుంది. అది గింజ సహజ గుణమా, వేసిన వస్తువా? ఫ్లేవర్ గింజను కాఫీయే కాదని కొట్టిపారేసిన, మేలురకం గింజకే విలువిచ్చే స్పెషాల్టీ కాఫీ లోకానికి ఇది ఇబ్బందికరమైన ప్రశ్న. పోటీల నిర్వాహకుల మధ్య వాదన ఇంకా తెగలేదు. పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది రుచికి సంబంధించిన తగువు. కానీ సంచి మీద చెప్పకపోవడం మాత్రం అలాంటి సంచిలోనే మామూలు గింజ అమ్మే పక్క రైతుకు నష్టం.

ఆరోగ్యం: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

‘కెమికల్స్ కలిపారు’ అన్న టెన్షన్ ఎక్కువగా గింజకు పట్టించే ద్రవం మీదే. నిజానికి అందులో చక్కెర ఉండదు, కేలరీలు లెక్కలోకి రానంత తక్కువ. తాగేవాళ్లు చూసుకోవాల్సింది సిరప్‌ను, తీపి ప్రీమిక్స్ పొడులను. మామూలు సిరప్ రెండు టేబుల్ స్పూన్లలో దాదాపు 20 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తంలో అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్క కప్పుతోనే ఆ కోటా దాదాపు అయిపోతుంది.

అసలు తీవ్రమైన ప్రమాదం బయటపడింది ఫ్యాక్టరీ కార్మికుల్లో. వెన్న వాసననిచ్చే డైఅసిటైల్ ఆవిరిని రోజూ పీల్చితే ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు శాశ్వతంగా మూసుకుపోవచ్చని 2000లో అమెరికాలోని మిస్సోరీలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ కార్మికుల కేసులతో తెలిసింది. అదే జబ్బు టెక్సస్‌లోని ఒక కాఫీ ఫ్లేవరింగ్ కేంద్రంలో పనిచేసినవాళ్లకు వచ్చిందని 2013లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదించింది. తర్వాతి పరిశీలనల్లో ఇంకో సంగతి తేలింది: ఏ ఫ్లేవరూ కలపని గింజను ఆడించినా సహజంగా ఉన్న డైఅసిటైల్ గాలిలోకి వస్తుంది. ఇంట్లో ఒక కప్పు కలుపుకునేవారికి దీనితో పేచీ లేదు. మూసిన గదిలో రోజంతా బస్తాలకొద్దీ ఆడించేవాళ్లకు గాలి ఆడే ఏర్పాటు ఉందా లేదా అన్నదే అసలు విషయం.

మన ప్యాకెట్, మన తోట

భారత నిబంధనల ప్రకారం కలిపిన ఫ్లేవర్ ఏ కోవదో లేబుల్ మీద చెప్పాలి. ‘సహజం’ అంటే మొక్క లాంటి సహజ ముడిసరుకు నుంచి నేరుగా తీసింది. ‘సహజ సమానం’ అంటే ప్రకృతిలో ఉన్న అణువునే తయారుచేసి వాడారని, పైన చెప్పిన వెనిలిన్ ఇలాంటిది. ‘కృత్రిమం’ అంటే ప్రకృతిలో కనిపించనిది, వెనిలిన్ కన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఘాటైన ఇథైల్ వెనిలిన్ లాంటిది. ఈ వాక్యం సాధారణంగా వెనకవైపు, పదార్థాల పట్టిక దగ్గర ఉంటుంది. ముందువైపు ‘నోట్స్’ అని మాత్రమే ఉండి, వెనక ఫ్లేవర్ ప్రస్తావన లేకపోతే ఆ చాక్లెట్, నారింజ రుచి చూసినవాళ్లు చెప్పిన వర్ణన మాత్రమే.

హేజెల్‌నట్, వెనిలా ఇన్‌స్టంట్ పొడులు మన దగ్గర చేరుతున్నది ఎక్కువగా ఫిల్టర్ అలవాటు లేని ఇళ్లకు, హాస్టళ్లకు. కాఫీ రుచి తెలియని నోటికి కాఫీని పరిచయం చేయడం, నలభై ఏళ్ల కిందట అమెరికాలో జరిగినదే. అక్కడ అలా మొదలుపెట్టినవాళ్లలో కొందరు తర్వాత మంచి గింజ వైపు మళ్లారు, చాలామంది తీపి పానీయం దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ కూడా అంతకు భిన్నంగా జరుగుతుందనుకోవడానికి కారణం కనిపించదు.

గింజ ధర ఇంకో ఒత్తిడి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా మొదటిసారి పౌండుకు 4 డాలర్లు దాటింది. ఇలాంటి సమయంలో తయారీదారుకు ఉన్న దారులు రెండే: రేటు పెంచడం, లేదా లోపలి సరుకు మార్చడం. మామూలు కాఫీలో అరబికా తగ్గించి రొబస్టా పెంచితే తాగేవాడికి తెలిసిపోతుంది, చికోరీ పెంచితే ప్యాకెట్ మీద అంకె మారుతుంది. ఫ్లేవర్ పొడిలో ఈ మార్పు అంత తేలిగ్గా బయటపడదు. దేశపు పంటలో దాదాపు 70 శాతం రొబస్టాయే కాబట్టి ఆ దారి పట్టడం కష్టమూ కాదు.

ఈ లెక్కలో వేరే వైపున ఉన్నది అరకు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియం తీగల మధ్య పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే ప్యారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరుచుకుంది. అక్కడ కొనేవాడు అదనంగా చెల్లించేది ఆ నేల పేరుకు, ఆ గింజ సొంత రుచికి. హేజెల్‌నట్ ప్యాకెట్లో ఊరి పేరుతో పని లేదు, వాసన ఎలాగూ డ్రమ్ములో వస్తుంది కాబట్టి గింజ చిక్‌మగళూరుదైనా వియత్నాందైనా ఒకటే. కప్పులో సిరప్ వేస్తే గింజ పేరు సంచి మీద అలాగే ఉంటుంది, అరకు కాఫీ కొని అందులో ఎవరి ఇష్టం కొద్దీ వాళ్లు యాలకులో శొంఠో వేసుకోవచ్చు, రైతుకు దక్కాల్సిన ధర అప్పటికే దక్కి ఉంటుంది. ఫ్లేవర్ గింజ దగ్గరే పట్టినప్పుడు ఆ అదనపు విలువ తోటకు కాక సువాసన తయారుచేసే కంపెనీకి, ప్యాకెట్ అమ్మే బ్రాండ్‌కు పోతుంది.